కప్పుటయా, కడుగుటయా?

సామెతల గ్రంథమును శ్రద్ధగా చదువువారికి ఒక చిక్కు ఎదురగును. 10వ అధ్యాయములో ఒక మాట, దోషమును కప్పుటను ప్రేమ చేయు పనిగా మెచ్చుకొనుచున్నది. 28వ అధ్యాయములో మరియొక మాట, దోషమును కప్పుకొనువానికి మేలు కలుగదని హెచ్చరించుచున్నది. మూలమైన హెబ్రీ భాషలో ఈ రెండు చోట్లను ఉన్న క్రియ ఒక్కటే. అయితే కప్పుట మంచిదా, చెడ్డదా?

ఇది పండితులకు మాత్రమే తగిన ప్రశ్న అనుకొనకుడి. ఇంటిలో తగవు వచ్చినప్పుడు, సంఘపు లెక్కలు తేలనప్పుడు, ఊరి పెద్దలు రాజీ కుదుర్చునప్పుడు ఈ ప్రశ్న మన గుమ్మములోనికే వచ్చి నిలుచును. దీనిని ఆలోచించుటకు మిమ్మును ఒక సామాన్యమైన చోటికి తీసికొని పోవుదును. అది పాత కారు యొక్క పెట్రోలు ట్యాంకు.

అంబాసిడరు కారును మీలో అనేకులు ఎరుగుదురు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, హిందుస్థాన్ మోటార్స్ వారు దానిని పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడాలో 1950ల చివరినుండి తయారుచేసిరి. 2014లో ఆ తయారీ ఆగిపోయెను. ఒకప్పుడు కలెక్టరు వచ్చినను ఆ కారులోనే, పెండ్లికుమారుడు వచ్చినను ఆ కారులోనే. ఇప్పుడు కొందరు తమ తండ్రుల నాటి కార్లను కొట్టములలోనుండి బయటికి తీసి, బాగుచేయించి, ముచ్చటపడి నడుపుచున్నారు. పైన రంగు వేయించుట సులభము. సీట్లు కుట్టించుటయు సులభమే. అయితే ఏండ్ల తరబడి నిలిచియున్న బండిని రోడ్డు ఎక్కించునప్పుడు, తెలిసిన మెకానిక్కు ముందుగా చూడగోరు వాటిలో ఒకటి కంటికి కనబడని ఆ రేకు ట్యాంకు. మీ ఊరిలో పాత కారు లేకపోయినను పాత ట్రాక్టరో, నీళ్లు తోడు ఆయిలింజనో ఉండవచ్చును. డీజిలు పోయు ఆ ఇనుప ట్యాంకులకును ఈ బాధ కలదు.

పెట్రోలు తనంతట తాను ఇనుమును తినదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు లోపల గాలికి చోటు తక్కువ, కనుక తుప్పుకును చోటు తక్కువ. ట్యాంకు సగము ఖాళీగా ఉండి, బండి కదలక నిలిచియున్నప్పుడు కీడు మొదలగును. పగటి వేడికి లోపలి గాలి పెరిగి బయటికి పోవును. రాత్రి చల్లబడగా బయటి తేమగాలి లోనికి వచ్చును. ఆ తేమ చల్లని రేకుమీద చెమటవలె పట్టి, బొట్లు బొట్లుగా క్రిందికి జారును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగున చేరి అక్కడనే నిలుచును. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కలిసినచోట తుప్పు పుట్టును.

అల్యూమినియము గిన్నెకు పట్టు సన్నని పొర ఆ గిన్నెను అంటిపెట్టుకొని దానిని కాపాడును. ఇనుపతుప్పు అట్టిది కాదు. అది గుల్లగా ఉండి, పెచ్చులు పెచ్చులుగా ఊడును. క్రింది ఇనుము మరల బయటపడును, దానికి మరల తుప్పు పట్టును. ప్రభువు కొండమీద బోధించినప్పుడు భూమిమీది ధనమును పాడుచేయు వాటిలో చిమ్మటను, దొంగను, తుప్పును చెప్పెను గదా. అచ్చట తుప్పు అని మనము చదువు గ్రీకు మాటకు మూలార్థము తినుట. దొంగ వచ్చినయెడల కుక్క మొరుగును. తినుచున్న తుప్పునకు చప్పుడు లేదు.

ఈ సంగతి ఇంటివద్ద తెలియదు. స్టార్టు చేయగానే బండి లేచును, బజారు వరకు పోయి వచ్చును. దూరప్రయాణములో, మెట్ట ఎక్కునప్పుడు, ఇంజనుకు పెట్రోలు ఎక్కువగా కావలసినప్పుడు తుప్పుపొడియు దానితోకూడ లాగబడి, ట్యాంకులోని గొట్టము మూతికున్న జల్లెడకు అడ్డుపడును. ఇంజను తడబడి ఆగిపోవును. యజమాని దిగి, బానెట్టు ఎత్తి చూచి, ఏమియు కనుగొనలేక చెట్టునీడన కూర్చుండును. కొంతసేపు గడచును. పీల్చుట ఆగినందున జల్లెడకు పట్టిన పొడి దానంతట అదే రాలి అడుగున పడును. మరల స్టార్టు చేయగా బండి ఏమియు ఎరుగనట్టు నడచును. “ఇంజను వేడెక్కినది, చల్లారగా బాగుపడినది” అని అతడు సంతోషించును. బాగుపడలేదు. రాలిన పొడి ట్యాంకులోనే ఉన్నది.

నాలుగు దినములు ఒకరితో ఒకరు మాటలాడక, అయిదవ దినమున ఏమియు జరుగనట్టు అన్నము వడ్డించుకొను ఇండ్లను మీరు చూచియుందురు. అది సమాధానమని ఆ ఇంటివారు తలంతురు. తరువాతి మెట్ట వచ్చువరకు తలంతురు.

ఇప్పుడు బండి యజమానికి మూడు దారులున్నవి. మొదటిది ఫిల్టరు మార్చుట. ఫిల్టరు అవసరమైనదే. తుప్పుపొడి పంపులోనికిని, కార్బురేటరులోని సన్నని జెట్లలోనికిని పోకుండ అది ఆపును. అయితే నెలకొక ఫిల్టరు మార్చువాడు తుప్పును పోగొట్టుట లేదు. దానికి కప్పము కట్టుచున్నాడు.

రెండవది లోపల పూత పోయించుట. ఎపాక్సీ మొదలైన పూతమందులు డబ్బాలలో దొరకును. వాటిని ట్యాంకులో పోసి, అన్ని ప్రక్కలకును త్రిప్పి, మిగిలినది ఒంపి ఆరనిచ్చినయెడల గట్టి పొరగా ఏర్పడును. తుప్పు మరుగుపడును, సన్నని రంధ్రములును మూసికొనును. ఈ పూత చెడ్డది కాదు. అయితే తుప్పుమీద, జిడ్డుమీద, తడిమీద పోసిన పూత ఇనుమును పట్టదు, తుప్పునే పట్టును. తుప్పు ఇనుమును విడిచినప్పుడు పూతయు దానితో లేచిపోవును. కొంతకాలమునకు అది పొరలు పొరలుగా ఊడి, పెట్రోలు పోవు గొట్టమును మూసివేయును. ఊడిన పూతను ట్యాంకులోనుండి తీయుట తుప్పును తీయుటకంటె కష్టమైన పని.

మూడవది కడుగుట. ఇది శ్రమతో కూడినది. ట్యాంకును బండినుండి విప్పి, పెట్రోలును ఒంపివేయవలెను. ఇక్కడ ఒక హెచ్చరిక వినుడి. పెట్రోలు ఒంపివేసిన ట్యాంకు, నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. ద్రవము పోయినను ఆవిరి మిగులును. అది గాలితో కలిసియున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలిన చాలును, ప్రేలును. ఖాళీయే గదా అని తొందరపడి దానికి వెల్డింగు పెట్టింపకుడి. ఆ పనిని తెలిసినవారిచేత, ఆరుబయట, బీడీకిని మంటకును దూరముగా చేయింపుడి.

పిమ్మట సబ్బునీళ్లతో లోపలి జిడ్డును, ఎండిన పెట్రోలు జిగురును కడుగుదురు. చిన్న గొలుసునో, గుప్పెడు నట్లనో లోపల వేసి కుదిపి, వదులైన పెచ్చులను రాల్తురు. తరువాత వెనిగరో, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లో నింపి నాననిత్తురు. ఆ పులుపు తుప్పును కరిగించును. దానిని పారబోసి, మిగిలిన పులుపు విరుగుటకు వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మరల కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టుదురు. ఆలస్యము కూడదు. క్రొత్తగా కడిగిన ఇనుము తడిగా ఉన్నయెడల నిమిషములలోనే దానికి లేత తుప్పు మరల కమ్మును. ఆరిన తరువాత పూత కావలెననిన అప్పుడు పోయుదురు. అట్టి పూత ఇనుమునే పట్టి నిలుచును.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. కళాయివాడు గిన్నెను ముందుగా బాగుగా తోమి, కాచి, నవాసారము చల్లి, మురికి పోగొట్టిన తరువాతనే తగరము పూసెడివాడు. మురికిమీద కళాయి నిలువదని అతనికి తెలియును.

అట్లయినయెడల జనులు కడుగుటకు ఏల వెనుదీయుదురు? ఖర్చు ఒక కారణము. అంతకంటె బలమైన కారణము ఇంకొకటి కలదు. మిక్కిలి తుప్పుపట్టిన ట్యాంకును కడిగినప్పుడు, అంతవరకు కారని ట్యాంకు కారుట మొదలుపెట్టవచ్చును. ఏలయనగా రేకు తినివేయబడిన చోట తుప్పే బిరడావలె అడ్డుపడి పెట్రోలును ఆపుచుండెను. తుప్పు పోగా రంధ్రము బయటపడెను. అప్పుడు యజమాని, “నేను తెచ్చినప్పుడు కారలేదు, మీరు కడిగి పాడుచేసితిరి” అని మెకానిక్కుమీద కోపపడును.

ప్రియ చదువరీ, ఈ మాటను మీరు వేరొక చోట వినలేదా? ఒక ఇంటిని తలంచుకొనుడి. తండ్రి వీలునామా వ్రాయకయే చనిపోయెను. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము, తండ్రి ఆస్తిలో కుమారునికిని కుమార్తెకును సమానభాగము నిర్ణయించియున్నది. అయినను అన్న, చెల్లెలికి రావలసిన అరయెకరమును తన పేరట ఎక్కించుకొనెననుకొనుడి. చెల్లెలు పుట్టింటికి రాకపోకలు మానెను. పది యేండ్లు గడచిన పిమ్మట ఆ ఇంటిలో పెండ్లి వచ్చెను. పెద్దలు ఇద్దరిని కూర్చుండబెట్టి, “జరిగినదేదో జరిగినది. మనము క్రైస్తవులము, క్షమించుకొనవలెను” అని చెప్పి, ప్రార్థన చేసి, చేతులు కలిపిరి. అందరును పెండ్లి భోజనము చేసిరి.

ఇది సమాధానమా? అరయెకరము ఇంకను అన్న పేరటనే యున్నది. చెల్లెలు క్షమించుటకు సమయమైనను దొరకలేదు, నలుగురిలో కాదనలేక తల ఊపినది. క్షమ అను మంచి పూతను పెద్దలు తుప్పుమీద పోసిరి. ఏదో ఒకనాడు, తల్లి చావునాడో, చెల్లెలి కూతురి చదువునకు రూకలు లేనినాడో, ఆ పూత పొరలు పొరలుగా ఊడును. ఆనాడు జనులు అన్నను ఏమియు అనరు. “క్షమించితినని చెప్పి మరల ఎత్తుచున్నావేమి?” అని చెల్లెలినే నిందింతురు. అన్యాయము పొందినది ఆమె, ఇప్పుడు మాట తప్పినదను నిందయు ఆమెకే వచ్చెను.

ఇప్పుడు సామెతల గ్రంథములోని ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. మొదటి మాటలో కప్పునది ప్రేమ. అది కప్పునది ఎదుటివాని దోషమును. రెండవ మాటలో మనుష్యుడు కప్పుకొనునది తన సొంత దోషమును. క్రియ ఒక్కటేయైనను చేయి వేరు. చెల్లెలు తనంతట తాను అన్న దోషమును కప్పినయెడల అది ప్రేమ. అన్న తన దోషమును తానే కప్పుకొనినయెడల అది మోసము. మరి పెద్దలు కప్పినయెడల? వారు పోగొట్టుకొనినది ఏమియు లేదు, కనుక కప్పుటకు వారి చేతిలో ఏమియు లేదు. వారు చెల్లెలి చేతిలోని వస్త్రమును లాగి అన్నమీద కప్పుచున్నారు. మధ్యవర్తి చేయదగిన పని కడుగుటకు సహాయపడుట. కప్పుట నష్టపడినవారి వంతు, అదియును వారి సమయమున.

“అట్లు కడుగబోయినయెడల బంధుత్వమే తెగును, పెండ్లి ఆగును, ఊరిలో నవ్వులపాలగుదుము” అని పెద్దలు చెప్పుదురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. కడిగినప్పుడు ట్యాంకు కారును, అది నిజమే. అయితే ఆ రంధ్రమును కడిగినవాడు చేయలేదు. నీరు అడుగున నిలిచిన ఏండ్లలో అది తయారైనది. తుప్పు బిరడాను నమ్ముకొని పెట్రోలు నింపుకొని, పిల్లలను ఎక్కించుకొని పోవువాడు క్షేమముగా ఉన్నాడని మనము చెప్పగలమా? రేకు చాల పలుచబడినయెడల మంచి మెకానిక్కు పూత మాట ఎత్తడు. క్రొత్త ట్యాంకు వేయింపుమనును. కొన్ని బంధుత్వములును పూర్వపు రూపములో తిరిగి రావు. చెల్లెలు పొలము తీసికొని, అన్న ఇంట భోజనమునకు రాకపోవచ్చును. ఆ నష్టము నిజమైనది. దానికి భయపడి అన్యాయమును నిలిపియుంచుట మాత్రము న్యాయము కాదు.

జక్కయ్య సంగతి జ్ఞాపకము తెచ్చుకొనుడి. ప్రభువు అతని ఇంటికి వచ్చుటకు ముందు లెక్క అడుగలేదు. ప్రేమయే ముందు గుమ్మము దాటెను. అయితే ఆ ప్రేమ లోనికి వచ్చిన తరువాత జక్కయ్య ఊరకుండలేదు. అన్యాయముగా తీసికొనిన దానికి నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనెను. క్షమ ఉచితమైనదే. తిరిగి ఇచ్చుట క్షమకు చెల్లించు వెల కాదు. అది క్షమ పట్టుకొని నిలుచుటకు కావలసిన శుభ్రమైన ఇనుము.

అయితే ప్రతి మరకను గీకవలెనా? వలదు. ట్యాంకు గోడకు పట్టిన పలుచని గోధుమరంగు పొరను చూచి భయపడి, దినముల తరబడి ఘాటైన ఆమ్లము పోసి ఉంచినయెడల, అది తుప్పును కరిగించిన పిమ్మట మంచి ఇనుమును కూడ తినుట మొదలుపెట్టును. నిజము చెప్పుటకును ఒక మేర కలదు. కోడలు ఇరువది యేండ్ల క్రిందట అనిన ఒక మాటను, వదిన కూర వడ్డింపక మరచిన ఒక దినమును నలుగురి ముందరికి తెచ్చి విచారింప నక్కరలేదు. అట్టివాటిని ప్రేమ కప్పవచ్చును, అవి అక్కడనే అణగిపోవును. గుర్తు ఇది: ఆ తప్పువలన ఇప్పటికిని ఒకరు నష్టపడుచున్నారా? మరియొకరు ఇప్పటికిని లాభము పొందుచున్నారా? అట్లున్నయెడల అది మరక కాదు, రేకును తినుచున్న తుప్పు. దానిని కడుగవలెను. అన్యాయము సరిచేయబడినప్పుడు మాత్రము అక్కడ ఆపవలెను. అన్నను జీవితాంతము నిలబెట్టి అడుగుటయు ఇనుమును తినుటయే.

మరియొక సంగతి చెప్పి ముగింతును. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలును మన దేశములో 2023లో అమ్ముట మొదలుపెట్టిరి. ఇప్పుడు అది విరివిగా దొరకుచున్నది. ఇథనాలు తేమను తనలో చేర్చుకొనును. తేమ మితిమీరినప్పుడు ఆ నీటితో కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగున దిగును. పాత జిగురును, మడ్డిని అది కదిలించును. వెనుకటి పెట్రోలునకు తాళిన పాత పూతలలో కొన్ని దీనికి తాళలేక మెత్తబడి ఊడును. పూత పోయించిన తండ్రికి కనబడని కీడు, బండి నడుపు కుమారునికి కనబడును. మనము కప్పినవియు అట్లే. మన తరములో పెద్దల మాటకు జంకి నోరు మెదపనివారు ఉండిరి. మన పిల్లలు కాగితములు చదువుదురు, ప్రశ్నలు వేయుదురు. మనము కడుగక విడిచినదానిని వారు కడుగవలసి వచ్చును, అప్పటికి రేకు మరింత పలుచబడియుండును.

కనుక, ప్రియులారా, బండి గలవారు ట్యాంకును ఖాళీగా నిలువ ఉంచకుడి. నింపి ఉంచుడి, అప్పుడప్పుడు నడుపుడి. ఇంటివారితో మాటలు తెగనియ్యకుడి. ఖాళీ ఉన్నచోటికే తేమ వచ్చును. ఇదివరకే తుప్పు పట్టినయెడల, పూత డబ్బా కొనుటకు ముందు లోపలికి దీపము వేసి చూడుడి. టార్చిలైటు దీపమునే చెప్పుచున్నాను, మంటను కాదు.

మన ఇండ్లలో ఎవరు ముందుగా లేచి వెళ్లవలెనని అడుగుదురేమో. చెల్లెలు కాదు, అన్న వెళ్లవలెను. పండ్లబుట్టతో, కన్నీళ్లతో మాత్రమే కాదు, అరయెకరపు కాగితము చేత పట్టుకొని వెళ్లవలెను. ఆ కాగితము ఆమె చేతికి ఇచ్చి, ఆమె ఏమి చెప్పునో వినుటకు ఓపికతో గుమ్మములో నిలువవలెను. ఆమె కప్పినయెడల ఆ కప్పు నిలుచును. దేవుడు మన ఇండ్లలోని అన్నలకు ఆ ధైర్యమును, చెల్లెండ్రకు ఆ ప్రేమను దయచేయునుగాక.